కొత్తవాడ జంపఖానాల వెబ్‌సైటును ఇంటి లాప్‌టాప్ నుంచే చూపించిన నా అనుభవం

వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఒక చేనేత సహకార సంఘానికి 2025 వేసవిలో నేను వెబ్‌సైటు తయారు చేశాను. జూన్ మొదటి వారానికల్లా అది నా లాప్‌టాప్‌లో పూర్తిగా నడుస్తోంది, కానీ నా లాప్‌టాప్‌లో మాత్రమే నడుస్తోంది. సంఘం కార్యవర్గం జూన్ 22 ఆదివారం కూర్చుని, అందరూ చూసి సరేనన్న తరువాతే సర్వర్ అద్దెకు డబ్బు మంజూరు చేస్తామని ముందే చెప్పింది. చూడవలసిన వాళ్లేమో ఒక చోట లేరు. నేత కార్మికులు కొత్తవాడలో, నేను హనుమకొండలో, సరుకు తీసుకునే వ్యాపారి హైదరాబాదులో, సంఘం లెక్కలు బాగా తెలిసిన మా చిన్నమ్మ కొడుకు మహారాష్ట్రలోని భీవండిలో ఉన్నారు. స్క్రీన్‌షాట్లు పంపితే బొమ్మ కనిపిస్తుంది గాని, కొలత మార్చితే ధర మారుతుందో లేదో, ఆర్డరు ఫారం నింపడం వాళ్లకు సులువో కష్టమో తెలియదు. అందుకే లాప్‌టాప్‌లో నడుస్తున్న సైటును టన్నెల్ ద్వారా, అంటే ఇంటర్నెట్ మీదుగా వేసే ఒక సొరంగం లాంటి దారి ద్వారా, వాళ్ల ఫోన్లకు చేర్చే పని పెట్టుకున్నాను. టన్నెల్ తెరవడం నిమిషాల పని అని అందరూ చెబుతారు, అది నిజమే. మిగిలిన రోజులన్నీ దేనికి పట్టాయో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

జూన్ 5 గురువారం నాడు మొదట రౌటర్‌నే చూశాను. పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టి, అంటే రౌటర్‌లో ఒక ద్వారం తెరిచి, బయటి నుంచి వచ్చేవారిని నేరుగా లాప్‌టాప్‌కు పంపగలిగితే మధ్యలో మరొకరి సేవ అక్కరలేదని నా ఆలోచన. రౌటర్ పేజీలో బయటి వైపు ఐపీ (ఇంటర్నెట్‌లో యంత్రాన్ని గుర్తించే అంకెల చిరునామా) 100.72తో మొదలవుతోంది, అదే సమయంలో ఐపీ చూపించే సైటులో పూర్తిగా వేరే చిరునామా కనిపిస్తోంది. 100.64 నుంచి 100.127 వరకు ఉన్న చిరునామాలను ఇంటర్నెట్ సంస్థలు తమ లోపలి నెట్‌వర్క్‌లో వాడుకోవడానికి 2012లో కేటాయించారు. అంటే నా ఇంటికి సొంత పబ్లిక్ ఐపీ లేదు, మా పేటలోని ఎన్నో ఇళ్లతో కలిసి ఒకే ఐపీని పంచుకుంటున్నాను. అలాంటప్పుడు నా రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా బయటి వాళ్లకు దారి దొరకదు. ఇంటర్నెట్ ఇచ్చే సంస్థకు ఫోన్ చేస్తే, స్థిరమైన ఐపీ కావాలంటే వ్యాపార ప్లాన్‌కు మారాలని, నెలకు 300 రూపాయలు అదనమని, వారం పది రోజులు పట్టవచ్చని చెప్పారు. రెండు వారాలు చూపించే సైటు కోసం ఇంటి నెట్‌వర్క్‌ను నేరుగా ప్రపంచానికి తెరిచి పెట్టడం నాకు ఎలాగూ ఇష్టం లేదు కనుక ఆ దారి అక్కడే వదిలేశాను.

టన్నెల్ ఈ చిక్కును తిరగేసి విప్పుతుంది. బయటి వాళ్లు నా లాప్‌టాప్‌ను వెతుక్కుంటూ రావడం కాకుండా, నా లాప్‌టాపే ముందుగా బయటికి ఒక కనెక్షన్ పెట్టుకుని దాన్ని పట్టుకుని కూర్చుంటుంది. సైటు చూసేవారు ఆ సేవ ఇచ్చే సంస్థ సర్వర్‌కు చేరుతారు, వాళ్ల కోరిక అప్పటికే తెరిచి ఉన్న కనెక్షన్ మీదుగా నా దగ్గరికి వస్తుంది. ఈ పనికి మూడు దారులు పరిశీలించాను. అద్దె సర్వర్ ఉంటే ఎస్ఎస్‌హెచ్ (దూరపు యంత్రానికి భద్రంగా కలిసే పద్ధతి) రివర్స్ టన్నెల్ సరిపోతుంది, కానీ ఆ సర్వర్‌కే ఇంకా డబ్బు లేదు. ఎన్‌గ్రాక్ 2013 నుంచి ఉన్న సేవ, చాలా సులువు. అయితే ఉచిత ఖాతాలో మొదటిసారి వచ్చేవారికి సైటు కన్నా ముందు ఇంగ్లీషులో ఒక హెచ్చరిక పేజీ కనిపిస్తుంది, దాన్ని చూసిన మా పెద్దవాళ్లు ఫోన్ పక్కన పెట్టేస్తారని నాకు తెలుసు. క్లౌడ్‌ఫ్లేర్ అనే ఇంటర్నెట్ సంస్థ ఇచ్చే టన్నెల్‌లో ఆ పేజీ లేదు, పైగా ఎవరు చూడవచ్చో నిర్ణయించే ఏర్పాటు కూడా దానితోనే వస్తుంది. నేను అటు మొగ్గడానికి ఈ రెండో కారణమే పెద్దది.

జూన్ 9 సోమవారం రాత్రి తొమ్మిదిన్నరకు క్లౌడ్‌ఫ్లేర్డ్ అనే చిన్న ప్రోగ్రామ్‌ను దించుకుని, నా సైటు నడుస్తున్న 8000 పోర్టును చూపిస్తూ టెర్మినల్‌లో ఒక్క వరుస ఆదేశం ఇచ్చాను. ఖాతా అడగలేదు, ఈమెయిల్ అడగలేదు. కొన్ని సెకన్లలోనే, ఒకదానికొకటి సంబంధం లేని కొన్ని ఇంగ్లీషు పదాలను అడ్డగీతలతో కలిపి, చివర ట్రైక్లౌడ్‌ఫ్లేర్ డాట్ కామ్ చేర్చిన చిరునామా తెర మీద ప్రత్యక్షమైంది. ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటాతో తెరిచాను. ఇలా పరీక్షించేటప్పుడు వైఫై ఆపడం ముఖ్యం, లేకపోతే నిజంగా బయటి నుంచి వస్తున్నామో లేదో మనకు నమ్మకం కలగదు.

మొదట కనిపించింది సైటు కాదు, 400 అనే పొరపాటు పేజీ. సైటు జాంగోలో, అంటే వెబ్‌సైట్లు కట్టడానికి వాడే ఒక సాఫ్ట్‌వేర్‌లో, రాసినది. ఏ పేరుతో వచ్చిన కోరికలకు జవాబివ్వాలో జాంగోకు ముందే జాబితా ఇవ్వాలి, లోకల్‌హోస్ట్ (సొంత యంత్రం పేరు) తప్ప మరో పేరు తెలియని సైటు కొత్త పేరును తిరస్కరించింది. ఆ పేరు చేర్చాక పేజీ తెరుచుకుంది. ఎరుపు, నలుపు చారల జంపఖానా ఒకటి నా ఫోన్ తెర నిండా, హనుమకొండ వీధిలో టవర్ నుంచి వస్తున్న సిగ్నల్ మీద కనిపించినప్పుడు నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను. ఆ వెంటనే లాగిన్ చేయబోతే 403, అంటే అనుమతి లేదనే పేజీ, వచ్చింది. బయట చూసేవారికి సైటు హెచ్‌టీటీపీఎస్‌తో (గుప్తంగా సాగే భద్రమైన పద్ధతిలో) కనిపిస్తుంది, టన్నెల్ చివర నా లాప్‌టాప్‌కు మాత్రం మామూలు హెచ్‌టీటీపీగా చేరుతుంది, ఈ రెండింటికీ పొంతన కుదరక ఫారం భద్రతా తనిఖీ అడ్డుపడుతుంది. నమ్మదగిన మూలాల జాబితాలో కొత్త చిరునామాను హెచ్‌టీటీపీఎస్‌తో సహా పూర్తిగా రాస్తే అది తీరింది.

ఆ రాత్రి నన్ను నిజంగా కలవరపెట్టింది మరొకటి. సైటు కుడి పక్కన, నేను తప్పులు వెతకడానికి వాడుకునే డీబగ్ పట్టీ నా ఫోన్‌లోనూ కనిపించింది. డేటాబేసుకు వెళ్లిన ప్రశ్నలు, సెట్టింగుల వివరాలు అన్నీ అందులో ఉంటాయి. ఆ పట్టీ సొంత యంత్రం నుంచి, అంటే 127.0.0.1 నుంచి వచ్చేవారికి మాత్రమే కనిపించేలా పెట్టి ఉంది. అయితే టన్నెల్ నుంచి వచ్చే ప్రతి కోరికను నా లాప్‌టాప్‌లోని క్లౌడ్‌ఫ్లేర్డ్ ప్రోగ్రామే సైటుకు అందిస్తుంది కనుక, భీవండి నుంచి చూసినా హైదరాబాదు నుంచి చూసినా జాంగోకు అందరూ 127.0.0.1 నుంచి వచ్చినట్టే కనిపిస్తారు. అసలు చూసేవారి ఐపీ, కోరికతో పాటు వచ్చే వివరాల్లో వేరే చోట ఉంటుంది. సొంత యంత్రం కనుక నమ్మవచ్చు అని రాసుకున్న ప్రతి నియమమూ టన్నెల్ తెరిచిన క్షణం నుంచి ఊరందరికీ వర్తిస్తుందన్నమాట. టన్నెల్ పెట్టుకునేవారు ఈ ఒక్క విషయం గుర్తు పెట్టుకున్నా చాలు. అప్పటికి ఎవరికీ లింక్ పంపలేదు, టన్నెల్ ఆపేసి పడుకున్నాను.

మర్నాడు డీబగ్ మోడ్ తీసేస్తే సైటు రంగులూ ఆకారమూ పోయి ఉత్త అక్షరాలు మిగిలాయి, ఎందుకంటే జాంగో తన అభివృద్ధి సర్వర్‌లో ఆ ఫైళ్లను డీబగ్ ఉన్నప్పుడే అందిస్తుంది. ఫొటోలకూ అదే గతి. క్యాడీ అనే వెబ్ సర్వర్‌ను ముందు నిలిపి, ఫైళ్లను అది ఇచ్చేలా, మిగిలిన పని జాంగోకు చేరేలా చేశాను. ఒక సాయంత్రం దానికే పోయింది. డేటాబేసులో నేత కార్మికుల బ్యాంకు ఖాతా నంబర్లు ఉన్న పట్టికను ఈ చూపించే నకలు నుంచి పూర్తిగా తొలగించాను. చూసేవారి బ్రౌజర్‌కూ క్లౌడ్‌ఫ్లేర్‌కూ మధ్య సమాచారాన్ని గుప్తంగా పంపే ఒక కనెక్షన్, అక్కడి నుంచి నా లాప్‌టాప్‌కు మరొకటి ఉంటాయి తప్ప, మధ్యలో ఆ సంస్థ సర్వర్ మీద సమాచారం విప్పబడుతుంది. నమ్మకం లేక కాదు, అక్కరలేని వివరాన్ని దారిలో పెట్టకపోవడమే మంచిదని.

జూన్ 10 రాత్రి భీవండి తమ్ముడికి మాత్రం లింక్ పంపాను. మరమగ్గాల షిఫ్టు మధ్యలో తెరిచి, "అక్కా, ఫొటోలు వస్తలేవు, తిరుగుతనే ఉంది" అన్నాడు. లెక్క వేస్తే కారణం తేలింది. మొదటి పేజీలో 24 ఫొటోలు, ఒక్కొక్కటి దాదాపు 6 ఎంబీ, మొత్తం 144 ఎంబీ. వాడికి అది డౌన్‌లోడ్, నాకు అప్‌లోడ్. ఇంటి కనెక్షన్ కొనేటప్పుడు మనమెవరమూ అప్‌లోడ్ వేగం అడగము. మా కనెక్షన్‌లో అది 8 ఎంబీపీఎస్ (సెకనుకు 8 మెగాబిట్లు), అంటే సెకనుకు ఒక ఎంబీ (మెగాబైటు). అన్నీ సవ్యంగా ఉన్నా ఒక్కరు పేజీ చూడడానికి రెండు నిమిషాలకు పైగా పడుతుంది, నలుగురు ఒకేసారి తెరిస్తే ఇక చెప్పనక్కరలేదు. ఫొటోలన్నింటినీ వెడల్పు తగ్గించి, తక్కువ సైజులో ఉండే వెబ్‌పీ అనే ఫొటో రూపంలోకి మారిస్తే ఒక్కొక్కటి 200 కేబీకి వచ్చింది, నేత గీతలు మాత్రం చెదరలేదు.

ఈ తాత్కాలిక చిరునామాతో సమావేశం దాకా నెట్టుకురావడం కుదరదని అప్పటికే తేలిపోయింది. ప్రోగ్రామ్ ఆపి మళ్లీ మొదలుపెడితే కొత్త పదాలతో కొత్త చిరునామా వస్తుంది, పాత లింక్ చచ్చిపోతుంది. ఇది పరీక్షలకే అని, ఒకేసారి 200 కోరికలకు మించి తీసుకోదని క్లౌడ్‌ఫ్లేర్ కూడా స్పష్టంగా చెబుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, లింక్ ఉన్నవారెవరైనా చూడవచ్చు. ఇదే మాట సంఘం పుస్తకాలు రాసే మా పెద్దబాపుతో అంటే ఆయన వెంటనే అడిగిన ప్రశ్న నా పని దిశనే మార్చింది: "గా కొత్త డిజైన్లు ఎవ్వడన్న ఫోన్ల పట్టుకపోతే ఎట్ల బిడ్డా?"

ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అది పేరును కాపాడుతుంది. వచ్చే సీజను కోసం వేసిన కొత్త గీతను, రంగుల కూర్పును అది కాపాడదు. మగ్గం మీద రోజులు పట్టే నేతను మెషీను ముద్రతో గంటలో అచ్చు వేసి తక్కువ ధరకు అమ్మేవారు బజారులో ఉన్నారు. కనుక అందరికీ కనిపించడం కాదు, పేరు పేరునా అనుకున్న వారికి మాత్రమే కనిపించడం మాకు కావలసింది. దానికి సొంత డొమైన్ (సైటుకు సొంత పేరు), పేరున్న శాశ్వత టన్నెల్, వచ్చేవారిని గుర్తుపట్టే ఏర్పాటు, మూడూ కావాలి.

జూన్ 11 బుధవారం మధ్యాహ్నం డాట్ ఇన్ డొమైన్ కొన్నాను. మొదటి ఏడాదికి 599 రూపాయలు, పన్నుతో కలిపి 707. రెండో ఏడాది ధర దీనికన్నా ఎక్కువని కింద చిన్న అక్షరాల్లో ఉంది, కొనేవారు చూసుకోవాలి. డొమైన్ నేమ్‌సర్వర్లను (ఆ పేరు ఏ యంత్రానికి చేరాలో చెప్పే సర్వర్లను) క్లౌడ్‌ఫ్లేర్‌వి పెట్టి ఎదురుచూడడం తప్ప ఆ రోజు చేయడానికి మరేమీ లేదు. 24 గంటల వరకు పట్టవచ్చని రాసి ఉంటుంది. గంటగంటకూ ఆ పేజీ తెరిచి చూస్తూ, అది పచ్చగా మారనందుకు కారణం లేని దిగులుతో సాయంత్రమంతా గడిచింది. మర్నాడు ఉదయం ఏడు గంటలకు ఫోన్ తీస్తే, డొమైన్ సిద్ధమైందని రాత్రి రెండున్నరకే ఈమెయిల్ వచ్చి ఉంది.

శాశ్వత టన్నెల్ కట్టడం గంటలోపు పని. బ్రౌజర్‌లో లాగిన్ అయి డొమైన్‌కు అనుమతి ఇస్తే లాప్‌టాప్‌లో ఒక ధ్రువపత్రం చేరుతుంది, టన్నెల్‌కు పేరు పెట్టి సృష్టిస్తే పొడవైన గుర్తింపు సంఖ్యతో ఒక రహస్య ఫైలు వస్తుంది. ఆ ఫైలు ఎవరి చేతికి చిక్కినా మన టన్నెల్‌ను వాళ్లు నడపగలరు, కనుక కోడ్ పెట్టుకునే చోట అది చేరకుండా చూడాలి. తరువాత సెట్టింగుల ఫైలులో ఏ పేరుకు వచ్చినవారిని ఏ పోర్టుకు పంపాలో రాయాలి. చివరి వరుసలో, మరే పేరుతో వచ్చినా 404 (అలాంటి పేజీ లేదు) చూపించమనే నియమం తప్పనిసరిగా ఉండాలి, అది లేకపోతే ప్రోగ్రామ్ మొదలే కాదు. మొదలైన తరువాత నాలుగు కనెక్షన్లు, రెండు వేర్వేరు డేటా కేంద్రాలకు, పెట్టుకుంటుంది. నా లాగ్‌లో ముంబై, చెన్నై విమానాశ్రయాల మూడక్షరాల సంకేతాలు కనిపించాయి. ఒక చోట ఇబ్బంది వచ్చినా రెండో దారి మిగులుతుందని ధైర్యం.

ఇక్కడ రెండు చిన్న సంగతులు చెప్పాలి. డొమైన్ ముందు ఒక్క పదం చేర్చిన పేరుకే, సైటు హెచ్‌టీటీపీఎస్‌తో తెరుచుకోవడానికి క్లౌడ్‌ఫ్లేర్ ఇచ్చే ఉచిత భద్రతా ధ్రువపత్రం వర్తిస్తుంది. పరీక్షకు ఒకటి, డిజైన్లకు ఒకటి అని రెండు పదాలు చుక్కలతో పేర్చితే బ్రౌజర్ భద్రత లేదని తిప్పి పంపుతుంది, అందుకే ఒకే పదంతో సరిపెట్టాను. రెండోది, పేరు నమోదు కాకముందే ఆత్రంగా ఫోన్‌లో తెరిచి చూస్తే, అలాంటి పేరు లేదన్న జవాబును ఆ మొబైల్ నెట్‌వర్క్ కొంతసేపు గుర్తు పెట్టుకుంటుంది. మా ఇంట్లో మరో ఫోన్‌లో చక్కగా తెరుచుకుంటున్న సైటు నా ఫోన్‌లో అరగంట దాకా తెరుచుకోలేదు. ఏమీ మార్చకుండా ఆగడమే దానికి మందు.

లాగ్ చూస్తుంటే ఆ సాయంత్రానికే తెలియని వాళ్లు తలుపు తట్టడం మొదలైంది. వర్డ్‌ప్రెస్ (సైట్లు నడిపే మరో సాఫ్ట్‌వేర్) లాగిన్ పేజీని, రహస్య సెట్టింగులు ఉండే ఫైళ్లను పేరు పెట్టి అడుగుతున్నారు. నా సైటు వర్డ్‌ప్రెస్ కాదు, కనుక ప్రతిదానికీ 404 వెళ్లింది. వీళ్లు మనుషులు కాదు, కొత్తగా నమోదైన డొమైన్లను, బహిరంగ జాబితాల్లో చేరే ధ్రువపత్రాలను చూసి వరుసగా వెతికే ప్రోగ్రాములని తెలిసినా, కొత్తవాడ డిజైన్ల చుట్టూ ఎవరో తిరుగుతున్నట్టు అనిపించి మనసు కుదుటపడలేదు. గుర్తింపు ఏర్పాటు పూర్తయ్యే దాకా టన్నెల్ ఆపి ఉంచాను.

ఆ ఏర్పాటు పేరు యాక్సెస్. 50 మంది వరకు ఉచితం. ఉచిత ప్లాన్‌కు కూడా కార్డు వివరాలు అడిగింది గాని రూపాయి తీసుకోలేదు. నా డెబిట్ కార్డు మొదట ఒప్పుకోలేదు, ఎందుకంటే రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం 2020 నుంచి కొత్త కార్డుల మీద విదేశీ లావాదేవీలు మనం కోరితేనే తెరుస్తారు. బ్యాంకు యాప్‌లో అది తెరిచి, పని అయ్యాక మళ్లీ మూసేశాను. ఇక పద్ధతి ఇది: సైటు తెరిచినవారు ముందు తమ ఈమెయిల్ రాయాలి, జాబితాలో ఉంటే ఆ ఈమెయిల్‌కు ఒక పిన్ వస్తుంది, అది పది నిమిషాలు చెల్లుతుంది, కొట్టితే సైటు తెరుచుకుంటుంది. ఒకసారి తెరుచుకుంటే ఎన్నాళ్లు చెల్లాలో మనమే పెట్టవచ్చు. మామూలుగా 24 గంటలు ఉంటుంది, నేను నెల పెట్టాను.

చెప్పడానికి ఇంత చిన్నది, జరగడానికి జూన్ 13 నుంచి 16 దాకా పట్టింది. కొత్తవాడలో ఫోన్ లేని ఇల్లు లేదు, కానీ ఈమెయిల్ వాడే మనిషి అరుదు. ప్రతి ఫోన్‌లోనూ ఒక జీమెయిల్ ఉంటుంది, అది ఫోన్ కొన్న దుకాణంలో కుర్రవాడు పేరుకు ఏవో అంకెలు తగిలించి తయారు చేసినది, దాని యజమాని దాన్ని ఎన్నడూ చూసి ఉండరు. ప్లే స్టోర్ తెరిచి కుడివైపు పైన ఉన్న గుండ్రటి గుర్తు నొక్కితే ఆ చిరునామా కనిపిస్తుంది. మగ్గాల మధ్య కూర్చుని ఒక్కొక్కరి ఫోన్ అడిగి, అక్షరం అక్షరం రాసుకున్నాను. జాబితాలో లేని ఈమెయిల్ కొట్టినా తెర మీద పిన్ పంపామనే వస్తుంది, నిజానికి పిన్ వెళ్లదు. జాబితాలో ఎవరున్నారో బయటివాళ్లు ఊహించకూడదని అలా పెట్టారు. మంచి జాగ్రత్తే, కానీ ఒక వదిన ఫోన్‌లో పిన్ కోసం చాలాసేపు ఎదురుచూశాము. ఆమె నోటితో చెప్పిన చిరునామాకూ ఫోన్‌లో ఉన్నదానికీ ఒక్క అంకె తేడా ఉంది. మరొకరి ఫోన్‌లో జీమెయిల్ సింక్ ఆపేసి ఉండడంతో, పిన్ వచ్చి కూడా కనిపించలేదు.

పెద్దబాపు దగ్గర మరో రకమైన అడ్డంకి. ఆయన చదువుకున్నవారు, సంఘం పుస్తకాలు ఆయనే రాస్తారు. పిన్ వచ్చింది, ఆయన ఫోన్ వెనక్కి తీసుకుని, "ఓటీపీ ఎవ్వలకు చెప్పద్దని బ్యాంకోళ్లు మొత్తుకుంటున్నరు గద బిడ్డా, నువ్వేమో కొట్టుమంటున్నవ్" అన్నారు. ఆ మాటకు నేను తొందరపెట్టి జవాబు చెప్పదలచుకోలేదు. సైబర్ మోసాల్లో డబ్బు పోగొట్టుకున్నవారు ఆ వీధిలోనే ఉన్నారు, ఆయన జాగ్రత్తే వాళ్లకు రక్ష. "నువ్వే కొట్టు పెద్దబాపూ, నాకు సుత చెప్పకు. కొట్టేముంగట పైన మన సంఘం పేరు ఉన్నదో లేదో చూసుకో, లేకుంటే బంద్ చెయ్" అన్నాను. ఆయన కళ్లద్దాలు సరిచేసుకుని పైన పేరు చదివి, పిన్ కొట్టారు. ఆ తరువాత అందరి దగ్గరా అదే పద్ధతి పాటించాను. పిన్ నాకు చెప్పబోయిన వారిని ఆపి, వాళ్ల వేలితో వాళ్లే కొట్టేలా చూశాను. సమయం ఎక్కువ పట్టింది. కానీ మన పని సులువు కావడానికి వాళ్ల మంచి అలవాటును చెడగొట్టే హక్కు మనకు లేదు.

జూన్ 14 శనివారం సాయంత్రం గాలివాన వచ్చి హనుమకొండలో మా వీధికి కరెంటు పోయింది. లాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది, రౌటర్‌కు లేదు. కొత్తవాడ నుంచి, హైదరాబాదు నుంచి ఒకేసారి ఫోన్లు వచ్చాయి. మర్నాడు రౌటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్ 1,450 రూపాయలకు కొన్నాను, ఈ మొత్తం వ్యవహారంలో పెద్ద ఖర్చు అదే. లాప్‌టాప్ మూత వేసినా నిద్రలోకి జారకుండా సెట్టింగు మార్చాను, క్లౌడ్‌ఫ్లేర్డ్‌నూ సైటునూ యంత్రం ఆన్ కాగానే వాటంతట అవే మొదలయ్యే సర్వీసులుగా పెట్టాను. చూసేవారికి ఒక మాట చెప్పి ఉంచాను: పేజీ రాకపోతే తెర ఫొటో తీసి పంపండి అని. 1033 అని ఉంటే టన్నెల్ తెగింది, అంటే ఇంట్లో కరెంటో ఇంటర్నెట్టో పోయింది. 502 అని ఉంటే టన్నెల్ బాగానే ఉంది, వెనక నా సైటు ఆగిపోయింది. ఈ రెండు అంకెలు తెలిస్తే సగం కంగారు తగ్గుతుంది.

జూన్ 17న సంఘం కార్యాలయంలో ఒక ముందస్తు పరీక్ష చేశాము, లాప్‌టాప్ అక్కడికే తీసుకెళ్లి. టన్నెల్‌లో ఉన్న గొప్ప సౌకర్యం ఇదే. యంత్రం హనుమకొండలో ఉన్నా కొత్తవాడలో ఉన్నా బయటి చిరునామా మారదు. అయితే కార్యాలయం కనెక్షన్ మీద టన్నెల్ ఎంతకీ కుదురుకోలేదు. క్లౌడ్‌ఫ్లేర్డ్ ప్రోగ్రామ్ మొదట క్విక్ అనే పద్ధతిలో, యూడీపీ అనే రకం కనెక్షన్ మీద, 7844 పోర్టుకు వెళ్లడానికి చూస్తుంది. కొన్ని నెట్‌వర్క్‌లు యూడీపీని ఆపేస్తాయి. కొంతసేపు ప్రయత్నించాక అదే వేరే పద్ధతికి మారుతుంది, కానీ ఎదురుగా పదిమంది కూర్చుని ఉన్నప్పుడు ఆ కొంతసేపు చాలా పొడవుగా ఉంటుంది. ఆ వేరే పద్ధతి పేరు హెచ్‌టీటీపీ2, సెట్టింగుల్లో నేరుగా దాన్నే రాసేస్తే వెంటనే కలిసింది.

ఆ పరీక్షలో బయటపడిన అసలు లోపం సాంకేతికమైనది కాదు. ఒక ఫొటో చూసి, అద్దకం పని చేసే కాక తల అడ్డంగా ఊపారు. "గిది మన ఎరుపు గాదు" అన్నారు. నిజమే, ట్యూబ్‌లైటు కింద తీసిన ఫొటోలో ముదురు ఎరుపు నారింజ వైపు వాలింది. ఆ ఫొటో చూసి ఆర్డరిచ్చినవారికి సరుకు చేరాక తగాదా తప్పదు. ఆ మధ్యాహ్నమే జంపఖానాలను డాబా మీద నీడలో పరిచి మళ్లీ ఫొటోలు తీసి పెట్టాను. అయినా కాక ఫోన్‌లో పాత ఎరుపే కనిపిస్తోంది. మనం వేరుగా చెప్పకపోతే ఫొటోల ఫైళ్లను క్లౌడ్‌ఫ్లేర్ తన దగ్గర 120 నిమిషాలు దాచుకుని అవే అందిస్తుంది. దానివల్ల మా అప్‌లోడ్ భారం తగ్గిందని అంతకుముందు సంతోషించాను గాని, ఫొటో మార్చినప్పుడు ఫైలు పేరు కూడా మార్చాలని ఆ రోజు అర్థమైంది. కొత్త పేరుతో పెట్టగానే కాక చూసి, "ఇగ ఇది మనది" అన్నారు. ఈ సైటు కోసం నేను పడిన శ్రమలో నాకు అన్నిటికన్నా విలువైన మాట అది. సర్వర్‌కు ఎక్కించి అందరికీ విడుదల చేశాక ఆ మాట వినే అవకాశం ఉండేది కాదు.

జూన్ 22 సమావేశం సాఫీగా జరిగింది. హైదరాబాదు వ్యాపారి తన దుకాణం నుంచి, తమ్ముడు భీవండి నుంచి ఫోన్‌లో ఉంటూ సైటు చూశారు. ఆర్డరు ఫారంలో కొలతలు అడుగుల్లో కూడా ఉండాలని వ్యాపారి కోరితే, అక్కడే మార్చి, ఆయనను పేజీ మళ్లీ తెరవమన్నాను. తన ఎదుటే మారడం చూసి ఆయన ఆశ్చర్యపోయారు. కార్యవర్గం సర్వర్ అద్దెకు ఒప్పుకుంది. నాకు అయిన ఖర్చు డొమైన్‌కు 707, యూపీఎస్‌కు 1,450, కలిపి 2,157 రూపాయలు. టన్నెల్‌కూ యాక్సెస్‌కూ ఏమీ చెల్లించలేదు. డొమైన్ డబ్బు సంఘం తిరిగి ఇచ్చింది.

జూలై 1న సైటు అద్దె సర్వర్‌కు మారింది, టన్నెల్ తీసివేయడం మిగిలింది. ముందు ప్రోగ్రామ్ ఆపాలి, కనెక్షన్లు ఉండగా టన్నెల్‌ను తొలగించనివ్వదు. తొలగించిన తరువాత కూడా డొమైన్‌లో దానికోసం చేరిన పేరు అలాగే మిగిలి ఉంటుంది, దాన్ని వేరుగా వెళ్లి చెరపాలి. లాప్‌టాప్‌లోని రహస్య ఫైలునూ ధ్రువపత్రాన్నీ తీసేశాను, సర్వీసును కూడా తొలగించాను. ఈమెయిళ్ల జాబితాను మాత్రం చెరపలేదు. ఇప్పుడు సైటు అందరికీ తెరిచే ఉంది, విడుదల కాని కొత్త డిజైన్ల పేజీకి మాత్రం పెద్దబాపు కోరిక మీద అదే పిన్ ఏర్పాటును కొనసాగిస్తున్నాము. సంఘంలో కొత్తగా ఎవరైనా చేరితే వాళ్ల ఈమెయిల్‌ను ఆయనే ప్లే స్టోర్ తెరిచి చూసి, కాగితం మీద రాసి, ఫొటో తీసి నాకు పంపుతున్నారు.